లైప్జిగు గాయకాచార్యుడు బాఖు

ఆదివారము ఉదయమున దేవాలయపు గంట మ్రోగినంతనే సంఘస్థులు లోపలికి వచ్చి తమ తమ స్థలములలో కూర్చుందురు. వాద్యము మ్రోగును, కీర్తన పాడబడును, ప్రసంగము జరుగును. ఆశీర్వచనమైన పిమ్మట ఎవరి యింటికి వారు పోవుదురు. ఆనాడు పాడిన బాలురు ఆ పాటను ఎన్ని దినములు నేర్చుకొనిరో, వారికి నేర్పినవాడు ఎన్ని రాత్రులు మేల్కొనెనో ఆలోచించువారు మిక్కిలి అరుదు. ఇట్టి మఱుగైన పరిచర్యలో 27 సంవత్సరములు గడపిన యొక పాఠశాలోపాధ్యాయుని చరిత్రమును మన విద్యార్థులకు తెలియజేయ గోరుచున్నాను. ఆయన పేరు యోహాను సెబాస్టియను బాఖు. నేడు లోకము ఆయనను సంగీతకర్తలలో అగ్రగణ్యునిగా నెంచుచున్నది. కాని ఆయన జీవించియున్న కాలమున ఆయనకు జీతమిచ్చిన పెద్దలకు మాత్రము ఆయన చెప్పిన మాట వినని యొక ఉద్యోగిగానే కనబడెను.

బాఖు అప్పటి పంచాంగము ప్రకారము 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన జర్మనీ దేశములోని తురింగియా సీమయందు ఐసెనాఖు పట్టణమున జన్మించెను. ఆ పట్టణమునకు ఎగువనున్న కొండ కోటలోనే మార్టిను లూథరు 1521, 1522 సంవత్సరములలో దాగియుండి క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి తర్జుమా చేసెను. లూథరు బాల్యమున చదివిన పాఠశాలలోనే బాఖు కూడ చదివెను. బాఖు వంశమువారు తరతరములుగా సంగీతవృత్తి నవలంబించినవారు. తండ్రి పట్టణ వాద్యకారుడు. ఎనిమిదిమంది సంతానములో మన కథానాయకుడు కడపటివాడు. ఆ బాలునకు తొమ్మిదేండ్ల వయస్సున తల్లి చనిపోయెను; మఱుసటి సంవత్సరమే తండ్రియు గతించెను. అంతట ఓర్డ్రుఫు అను చిన్న పట్టణములో దేవాలయ వాద్యకారుడుగా నుండిన పెద్దన్న యా యనాథబాలుని తన యింటికి తీసికొనిపోయెను.

అన్న యొద్ద గొప్ప సంగీతకర్తల రచనలు వ్రాసియున్న పుస్తకమొకటి యుండెను. తమ్ముడెంత బతిమాలినను దానిని అతనికియ్యక బీరువాలో పెట్టి తాళము వేసెను. బీరువా తలుపు అల్లిక తలుపగుటచేత బాలుడు తన చిన్న చేతిని సందులలో దూర్చి, పుస్తకమును చుట్టి వెలుపలికి లాగి, దీపము లేనందున వెన్నెల రాత్రులయందు ఆఱు నెలలు దానికి ప్రతి వ్రాసికొనెను. పని ముగిసిన పిమ్మట అన్న యది కనిపెట్టి ఆ ప్రతిని లాగుకొనెనట. బాఖు మరణించిన కొలది సంవత్సరములకు ఆయన కుమారుడును శిష్యుడును కలిసి ప్రకటించిన జీవితచరిత్రములో ఈ వృత్తాంతము గలదు. చిన్ననాటి యీ రాత్రి చదువులే ఆయన కన్నులను పాడుచేసెనని కూడ వారు తలంచిరి.

పదునైదేండ్ల ప్రాయమున బాఖు సుమారు 200 మైళ్ల దూరమున నున్న లూనెబర్గు పట్టణమునకు పోయి, అచటి పాఠశాలలో ఉచితముగా భోజనమును విద్యయు పొందు బీద గాయకబాలురలో నొకడుగా చేరెను. అనగా దేవాలయములో పాడి చదువుకొనిన బాలుడే యనంతరము దేవాలయములో పాడు బాలురకు గురువాయెను. ఈ సంగతిని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

1703వ సంవత్సరమున, పదునెనిమిదేండ్ల వయస్సులో, ఆర్న్‌ష్టాటు పట్టణపు క్రొత్త దేవాలయములో ఆర్గను వాయించు ఉద్యోగము ఆయనకు లభించెను. ఆర్గను అనునది మన యిండ్లలోని హార్మోనియము వంటిది కాదు. చిన్నవి పెద్దవియగు వందలకొలది గొట్టములలోనికి తిత్తులచేత గాలి పంపబడును. వాయించువాడు చేతులతోను కాళ్లతోను స్వరములను పలికించును. సంఘమంతయు కలిసి పాడు కీర్తనకు ఈ వాద్యమే ఆధారము. లూథరు దిద్దిన ఆరాధనలో సంఘస్థులు తమ సొంతభాషలో తామే కీర్తన పాడుట ముఖ్యమైన యంశము. కావున వాద్యకారుడు దారి తప్పించినయెడల సంఘమంతయు దారి తప్పును.

ఇచటనే బాఖునకు మొదటి చిక్కు సంభవించెను. 1705వ సంవత్సరపు చలికాలమున ఆయన నాలుగు వారముల సెలవు తీసికొని, ల్యూబెకు నగరములో బుక్స్టెహూడె అను వృద్ధ సంగీత విద్వాంసుని వినుటకై 250 మైళ్లకు పైగా నడచిపోయెను. అచట విన్న సంగీతము ఆయన మనస్సును ఎంతగా ఆకర్షించెననగా, నాలుగు వారములకు బదులు దాదాపు నాలుగు నెలలకు గాని తిరిగి రాలేదు. 1706వ సంవత్సరము ఫిబ్రవరిలో సంఘాధికారులు ఆయనను పిలిపించి విచారించిరి. సెలవు మీఱుట యొక నేరము; అంతకంటె పెద్ద నేరము మఱియొకటి యుండెను. కీర్తన వాయించునపుడు వింత స్వరములను చేర్చి, వినరాని పోకడలు పోవుచు, సంఘమును తికమకపెట్టుచున్నాడని వారు మందలించిరి. కీర్తనకు ముందు మిక్కిలి దీర్ఘముగా వాయించుచున్నాడని లోగడ చెప్పగా, పట్టుదలకొద్ది మిక్కిలి పొట్టిగా వాయించుట మొదలుపెట్టెననియు ఫిర్యాదు వచ్చెను.

విద్యార్థులారా, ఈ తగవులో న్యాయమెవరి పక్షమున నున్నది? ఇరువది యేండ్ల యువకుని విద్య గొప్పదే. కాని పొలము పనిచేసికొని, అంగడి మూసికొని వచ్చిన సామాన్య సంఘస్థుడు తాను చిన్ననాటినుండి ఎఱిగిన కీర్తనను పాడబోయి, దాని జాడ తెలియక నోరు మూసికొనినయెడల, ఆ విద్య ఆరాధనకు తోడ్పడినదా, అడ్డుపడినదా? ఆ పెద్దలు సంగీతజ్ఞులు కాకపోయినను వారి ప్రశ్న నిరర్థకమైనది కాదు. బాఖు నోటితో దానికి సరియైన జవాబు చెప్పినట్లు కనబడదు. కాని ఆయన తదుపరి జీవితమంతయు దానికి జవాబుగా నున్నదని నా తలంపు.

1707వ సంవత్సరమున ఆయన మూల్‌హౌజెను పట్టణములోని బ్లాసియుసు దేవాలయమునకు మాఱి, తన బంధువగు మరియా బార్బరాను వివాహమాడెను. ఒక సంవత్సరము గడచినంతనే ఆ యుద్యోగమును విడుచుచు పట్టణ సభకు వ్రాసిన లేఖలో, దేవుని మహిమకొఱకు చక్కని క్రమముగల దేవాలయ సంగీతము నేర్పఱచుటయే తన గుఱియని తెలిపెను. ఆ గుఱికి ఆయన చేరుటకు ఇంకను పదునైదేండ్లు పట్టెను. వైమారు ప్రభువు కొలువులో తొమ్మిదేండ్లుండి, వేఱొక కొలువునకు పోవుటకు సెలవిమ్మని పట్టుబట్టినందున 1717లో దాదాపు నాలుగు వారములు చెఱలో నుంచబడెను. తరువాత చేరిన కోతెను ప్రభువు సంగీతప్రియుడేగాని, ఆ కొలువు కాల్విను మతశాఖకు చెందినదగుటచే దేవాలయమున విశేష సంగీతమునకు చోటు లేదు. 1720వ సంవత్సరమున బాఖు ప్రభువుతోకూడ ప్రయాణమై కార్ల్స్‌బాదు పోయి తిరిగి వచ్చునప్పటికి, ఆరోగ్యవతిగా విడిచిపోయిన భార్య మరణించి సమాధి చేయబడియుండెను. మఱుసటి సంవత్సరము ఆయన అన్నా మగ్దలేనా అను గాయనిని వివాహమాడెను. ఇరువురు భార్యలవలన 20 మంది బిడ్డలు కలిగిరి. వారిలో పెరిగి పెద్దవారైనవారు పదిమంది మాత్రమే. ఆయన సంగీతమునందలి దుఃఖమును నిరీక్షణయు కేవలము పుస్తకములనుండి వచ్చినవి కావు.

1722లో లైప్జిగు నగరపు గాయకాచార్యుడు మరణించెను. ఆ స్థానమునకు పురసభవారు మొదట టెలెమాను అను ప్రసిద్ధ విద్వాంసుని కోరిరి, ఆయన రాలేదు. తరువాత గ్రౌప్నరు అనువానిని కోరిరి. ఆయనను తన ప్రభువు విడువలేదు. అటుపిమ్మట బాఖు నియమింపబడెను. ప్రభువు కొలువులో సంగీతనాయకుడుగా నుండినవాడు పాఠశాలలో పంతులగుట లోకదృష్టిలో ఒక మెట్టు దిగుటయే. దేవాలయ సంగీతము మిక్కిలి దీర్ఘముగా నుండరాదనియు, నాటకశాల పోకడలు పోక భక్తిని పురికొల్పునదిగా నుండవలెననియు, పురాధ్యక్షుని సెలవు లేక ఊరు విడువరాదనియు ఆయనచేత ఒప్పందము వ్రాయించుకొనిరి. 1723వ సంవత్సరము మే 30వ తేదీన, త్రిత్వ పండుగ తరువాతి మొదటి ఆదివారమున, నికోలాసు దేవాలయములో ఆయన తన మొదటి సంగీతమును వినిపించెను.

ఆ యుద్యోగమెట్టిదో వినుడు. తోమా పాఠశాలలో బస చేసియున్న సుమారు 55 మంది బాలురకు సంగీతము నేర్పవలెను. లాటిను పాఠములు కూడ చెప్పవలెను. దీనికి మాత్రము ఆయన తన జీతమునుండి కొంత యిచ్చి వేఱొకరిని పెట్టుకొనెను. నాలుగు వారములకొకమాఱు బాలుర నడవడి, భోజనము, ప్రార్థనలు మున్నగువాటిని చూచుకొను వంతు కూడ యుండెను. ఆ బాలురను బృందములుగా విభజించి నాలుగు దేవాలయములకు పంపవలెను. పెండ్లిండ్లకును భూస్థాపనలకును పాటలు పాడించవలెను. ఆ భూస్థాపన రుసుములు ఆయన రాబడిలో నొక భాగము. సంవత్సరమునకు సుమారు 700 థాలరులు వచ్చుచున్నను, ఊరిలో గాలి మంచిదై చావులు తగ్గిన సంవత్సరమున తనకు నూఱు థాలరులకు పైగా నష్టము వచ్చెనని ఆయన బాల్యస్నేహితునకు 1730లో వ్రాసెను. కుటుంబభారము గలవానికి ఇది పరిహాసము కాదు.

వీటన్నిటికంటె పెద్దపని ఆదివారపు కాంటాటా. ఇది ఆనాటి సువార్తపాఠమున కనుగుణముగా గాయకులును వాద్యకారులును కలిసి పాడు 20 లేక 30 నిమిషముల దేవాలయ గానము. ఆరాధన ఉదయము ఏడు గంటలకు ప్రారంభమై మూడు గంటలకు పైగా జరుగుచుండెను. సువార్త చదివిన పిమ్మట, ప్రసంగమునకు ముందు, ఈ గానము వినబడును. ఆగమనకాలపు చివరి మూడు ఆదివారములును, శ్రమల దినములును తప్ప సంవత్సరమంతట ప్రతి ఆదివారమునకును పండుగకును ఒకటి సిద్ధము కావలెను. మొదటి రెండు మూడు సంవత్సరములలో బాఖు దాదాపు వారమునకొకటి చొప్పున క్రొత్తవి రచించెను. వారము మొదట రచన, వెంటనే భార్యయు కుమారులును శిష్యులును కూర్చుండి ఒక్కొక్క గాయకునకు, ఒక్కొక్క వాద్యమునకు వేర్వేఱు పత్రములు వ్రాయుట, శనివారము అభ్యాసము, ఆదివారము ఆరాధన, సోమవారము మరల మొదలు. ఇట్లు వ్రాసినవాటిలో సుమారు 200 నేటికిని నిలిచియున్నవి, పెక్కు నశించినవి. ఒక ఉదయమున ఒకమాఱు పాడి బీరువాలో పెట్టబోవు దానికొఱకు ఇంత శ్రమయేల యని మనము అడుగవచ్చును. బాఖు పని యడుగక చేయుచుండెను. వ్రాతప్రతి మొదట యేసు సహాయమును కోరు అక్షరములను, చివర దేవునికే మహిమయను భావముగల అక్షరములను వ్రాయుట ఆయన వాడుక.

1724వ సంవత్సరము జూను మొదలు మఱుసటి మార్చి వఱకు ఆయన రచించిన సుమారు 40 కాంటాటాలు విశేషముగా గమనింపదగినవి. వాటిలో ఒక్కొక్కదానికి సంఘస్థులందఱు ఎఱిగిన యొక పాతకీర్తన ఆధారము. మొదటి భాగమున ఆ కీర్తన రాగము గంభీరమైన అల్లికనడుమ వినబడును. నడిమి భాగములు దాని భావమును వివరించును. చివర అదే కీర్తన నాలుగు కంఠములతో, సరళముగా, ఎవరైనను గుర్తుపట్టునట్లు ముగియును. ఆర్న్‌ష్టాటులో సంఘకీర్తనను మఱుగుపఱచెనని నిందింపబడిన యువకుడు లైప్జిగులో ఆ కీర్తనపైనే తన విద్యనంతటిని నిలిపెను. విద్యను తగ్గించుకొనలేదు, సంఘమును విడువలేదు. నేను పైన చెప్పిన జవాబు ఇదియే.

మంచి శుక్రవారపు ఆరాధనకొఱకు ఆయన రచించిన శ్రమల గానములలో రెండు లోకప్రసిద్ధములు. యోహాను సువార్తననుసరించినది 1724లో పాడబడెను. దానిని తోమా దేవాలయములో జరిపింప నెంచి బాఖు ప్రకటన పత్రికలు కూడ అచ్చు వేయించెను. కాని ఆ యేటి వంతు నికోలాసు దేవాలయముదని పురసభవారు అడ్డుపడిరి. అచట చోటు చాలదనియు, హార్ప్సికార్డు బాగుచేయవలెననియు చెప్పి, అవి చేయించుకొని ఆయన లోబడెను. మత్తయి సువార్తననుసరించిన మహాగానము 1727లో మొదట పాడబడినదని పండితుల యభిప్రాయము. రెండు గాయకబృందములు, రెండు వాద్యబృందములు, నడుమ ప్రసంగము. అన్నిటిలోను సంఘమెఱిగిన కీర్తనలే తిరిగి తిరిగి వినబడుచుండును.

ఇట్టి గానమును పాడినవారెవరు? ఆ పాఠశాల బాలురే. 1730వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన బాఖు పురసభకు ఒక విన్నపము వ్రాసెను. ఒక్కొక్క బృందమునకు కనీసము 12 మంది, వీలయినచో 16 మంది గాయకులు కావలెననియు, వాద్యకారులు ఎనిమిదిమంది మాత్రమే యున్నారనియు, వారిలో అందఱు సమర్థులు కారనియు తెలిపెను. పిమ్మట బాలుర పేరులు వరుసగా వ్రాసి లెక్కయిచ్చెను: పనికివచ్చువారు 17 మంది, ఇంకను శిక్షణము పొందవలసినవారు 20 మంది, సంగీతమునకు పనికిరానివారు 17 మంది. పాడలేని బాలురను పాఠశాలలో చేర్చుకొనుచున్నారనియే ఆయన మొఱ. పురసభవారు దానికి సమాధానమిచ్చినట్లు ఆధారము లేదు. అదే నెలలో వారు సభలో కూర్చుండి, గాయకాచార్యుడు పాఠములు సరిగా చెప్పుటలేదనియు, సెలవు లేక ఊరు విడుచుచున్నాడనియు, దిద్దుటకు వీలులేనివాడనియు తీర్మానించుకొని, ఆయనకు రావలసిన కొంత సొమ్మును తగ్గింప నెంచిరి.

పెద్దల ఫిర్యాదులు అన్నియు అబద్ధములని చెప్పజాలము. బాఖు కోపిష్ఠి, పట్టుదల గలవాడు, తన పనులు కొన్ని పెద్ద విద్యార్థులకు వదలిన మాట నిజము. 1736లో విద్యార్థినాయకుని నియమించు హక్కు ఎవరిదను విషయమై ప్రధానోపాధ్యాయునితో ఆయనకు కలిగిన తగవు సంవత్సరములు సాగెను. ఆరాధన నడుమనే ఒక విద్యార్థిని గాయకుల మేడనుండి పంపివేయునంత వఱకు వచ్చెను. ఉపాధ్యాయుల కలహము బాలురకు మేలుచేయదు. గొప్పవారి దోషములను దాచి వ్రాసిన చరిత్రము పిల్లలకు ఉపయోగపడదు గనుక దీనిని చెప్పితిని.

అయినను ఇన్ని చిక్కులలో ఆయనను ఆ పనియందు నిలిపినదేమి? ఆయన సొంత బైబిలు వ్యాఖ్యానగ్రంథము మూడు సంపుటములు నేటికిని భద్రముగా నున్నవి. సొలొమోను దేవాలయ ప్రతిష్ఠనాడు గాయకులును బూరలు ఊదువారును ఏకమై స్తుతించగా దేవుని మహిమ మేఘమువలె మందిరమును నింపెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథమున చదువుచున్నాము. ఆ వచనము ప్రక్కను బాఖు తన చేతితో, భక్తితో చేయు సంగీతమునందు దేవుడు తన కృపతో ఎల్లప్పుడును సమీపముగా నుండునను భావమును వ్రాసికొనెను. ఎవరికిని చూపుటకు వ్రాసినది కాదు. తన ధైర్యమునకై వ్రాసికొనినది.

కడపటి సంవత్సరములలో ఆయన చూపు మందగించెను. ఆయన యింకను బ్రదికియుండగనే 1749లో పురసభవారు ఆయన స్థానమునకు రాదగినవానిని పిలిపించి పరీక్షించిరి. 1750వ సంవత్సరము వసంతకాలమున ఒక ఆంగ్లేయ నేత్రవైద్యుడు రెండుమాఱులు శస్త్రము చేసెనుగాని, చూపు పూర్తిగా పోయెను. జూలై 28వ తేదీన బాఖు తన 65వ యేట మరణించెను. యోహాను దేవాలయపు సమాధితోటలో గుర్తురాయి యైనను లేక పాతిపెట్టబడెను. భార్య తన వంతునకు వచ్చిన ఆ కీర్తనల కాంటాటాల పత్రములను పాఠశాల కప్పగించి, ధర్మముపై ఆధారపడి పదేండ్లు బ్రదికి 1760లో గతించెను.

పెద్ద లోకము ఆయన దేవాలయ సంగీతమును దాదాపు మఱచెను. ఎవరు మఱువలేదు? ఆ పాఠశాల బాలురు. ఆయన రచించిన బహుకంఠ గీతములను వారు తరువాతి గురువుల క్రింద పాడుచునే యుండిరి. 1789లో ప్రసిద్ధ సంగీతకర్త మోజార్టు లైప్జిగు వచ్చినపుడు, బాఖు శిష్యుడే యచట గాయకాచార్యుడు. బాలురు పాడిన యొక గీతమును విని మోజార్టు ఆశ్చర్యపడి, వేర్వేఱు కంఠముల పత్రములను తెప్పించి, తన చుట్టును పరచుకొని చదివెనని, ఆ దృశ్యము చూచితినని చెప్పిన యొకడు వ్రాసియున్నాడు. 1829వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఇరువదియేండ్ల మెండెల్సోను బెర్లినులో మత్తయి శ్రమల గానమును మరల పాడించెను. అటుపిమ్మట లోకము బాఖును మఱువలేదు. ఆయనవని నిర్ణయింపబడిన యెముకలు 1894లో వెలికితీయబడినవి. నేడవి ఆయన పనిచేసిన తోమా దేవాలయములోనే యున్నవి. ఆ పాఠశాల గాయకబృందము నేటికిని ఆ దేవాలయములో పాడుచున్నది.

ఉపాధ్యాయుడనగుటచే నాకు ఆ 1730వ సంవత్సరపు లెక్కయే తఱచుగా జ్ఞప్తికి వచ్చుచుండును. 17, 20, 17. ప్రతి తరగతిలోను ఈ మూడు వరుసలవారును కలరు. పనికిరానివారని పేరులతో సహా వ్రాసిన ఆ చేయియే మఱుసటి ఆదివారమునకు మరల రచన ప్రారంభించినది. సంగీతము రాని బాలురకు సహితము పేతురు దేవాలయములో ఒక చోటుండెను. అచట వారు సంఘముతోకూడ సాదాకీర్తన పాడుచుండిరి. మన గాయకబృందములోని బాలబాలికలారా, శనివారపు అభ్యాసమునకు మీరు విసుగుచెందినపుడు, ఆ దేవాలయపు మేడమీద చలిలో నిలువబడి, తాము పాడుచున్నది ఎంతటిదో యెఱుగక పాడిన ఆ పిల్లలను తలంచుకొనుడు. లోకము మఱచిన దినములలో ఆ గీతములు నిలిచినది వారి గొంతులయందే.